ఒక్క కమాండ్‌తో కదిలే గ్రేడియంట్ వీడియో: ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లో మొదటి నుంచి చివరి దాకా

లిరికల్ వీడియోకో, పెళ్ళి టైటిల్ కార్డుకో, పాఠం చెప్పే స్లైడ్‌కో వెనక మెల్లగా కదిలే రంగుల నేపథ్యం కావాలంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరవక్కర్లేదు. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత కమాండ్‌లైన్ పనిముట్టులో గ్రేడియంట్స్ అనే ఫిల్టర్ ఉంది (ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి కరగడమే గ్రేడియంట్). దానికి వీడియో ఏదీ ఇవ్వక్కర్లేదు. రంగులు, కొలతలు చెబితే ఫ్రేములు తనే పుట్టిస్తుంది. ఆ భాగం ఐదు నిమిషాల పని. ఆ మెత్తటి రంగు ఫైల్‌గా మారి, ఫోన్‌లోనో టీవీలోనో తెరిచినప్పుడు చారలు పడకుండా, రంగు మారకుండా నిలబడటమే అసలు కష్టం. ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాం.

ముందుగా రాత గురించి ఒక మాట. కింద కమాండ్లన్నీ పలికే తీరులో తెలుగు లిపిలో ఉన్నాయి. టెర్మినల్లో (కమాండ్లు టైపు చేసే కిటికీలో) వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైపు చెయ్యాలి. ‘ఎస్’, ‘ఆర్’, ‘డి’ లాంటివి ఒక్కో అక్షరం. ‘సి0’ అంటే సి అక్షరం పక్కన సున్నా. పూర్తి మాటల్ని (స్పీడ్, టైప్, ఫార్మాట్) ఇంగ్లీషు స్పెల్లింగ్‌తోనే రాయాలి, గ్రేడియంట్స్ చివర బహువచనం ఎస్ మరవకూడదు. తికమక పెట్టేది ‘లావ్‌ఫి’ ఒక్కటే: ఎల్, ఏ, వి, ఎఫ్, ఐ. గుర్తులు, అంకెలు ఉన్నవి ఉన్నట్టే. రంగుల కోడ్‌లు కూడా అక్షరాలు లేకుండా అంకెలతోనే ఉండేలా ఎంచుకున్నాం. ఫైలు పేర్లు మాత్రం మీ ఇష్టం, తెలుగులో పెట్టినా పనిచేస్తాయి.

ఉందో లేదో చూడటం

ఉబుంటులో ఏపీటీతో, మ్యాక్‌లో హోమ్‌బ్రూతో, విండోస్‌లో వింగెట్‌తో ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ ఇన్‌స్టాల్ అవుతుంది. అయ్యాక ఇది నడపండి:

ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ -హెచ్ ఫిల్టర్=గ్రేడియంట్స్

ఆప్షన్ల పట్టిక వస్తే సరే. అలాంటి ఫిల్టర్ తెలియదని వస్తే మీ దగ్గరున్నది పాత బిల్డ్, కొత్తది వేసుకోండి. ఈ పట్టికను ఒకసారి నిదానంగా చదవడం మంచిది. టైప్ కింద ఏ రకాలున్నాయో, స్పీడ్ హద్దులు ఎంతో వెర్షన్‌ను బట్టి మారతాయి. ఇంటర్నెట్‌లో దొరికే కమాండ్ కంటే మీ మెషీన్ చూపించే పట్టికే నమ్మదగ్గది.

ముందు తెర మీద, తర్వాతే ఫైల్‌లోకి

ఎఫ్ఎఫ్‌ప్లే -ఎఫ్ లావ్‌ఫి "గ్రేడియంట్స్=ఎస్=హెచ్‌డి720"

ఎఫ్ఎఫ్‌ప్లే అంటే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌తో పాటే వచ్చే ప్లేయర్. లావ్‌ఫి అంటే ఇన్‌పుట్ ఫైల్ కాదు, ఫిల్టర్ అని చెప్పడం. కిటికీ ఒకటి తెరుచుకుని అందులో రెండు రంగులు ఒకదాంట్లోకి ఒకటి కరుగుతూ తిరుగుతాయి. మూసి మళ్ళీ నడిపితే రంగులు వేరు, దిశ వేరు. మీరేమీ చెప్పలేదు కాబట్టి రంగుల్ని, బిందువుల్ని ఫిల్టరే చీట్లు తీసినట్టు ఎంచుకుంటుంది. ఏదైనా ఒకటి బాగా నచ్చిందనుకోండి, దాన్ని మళ్ళీ రప్పించే దారి ఉండదు. అందుకే వెతికేటప్పుడే సైజు పక్కన :సీడ్=1, :సీడ్=2 అంటూ అంకె మారుస్తూ చూడండి. అదే సీడ్‌కు అవే బిందువులు వస్తాయి. రంగుల్ని మాత్రం సీడ్ పట్టి ఉంచదు, వాటిని కింద చెప్పినట్టు మీరే ఇవ్వాలి.

డబుల్ కోట్స్ ఎప్పుడూ పెట్టండి. లినక్స్ షెల్‌లో సింగిల్ కోట్స్ కూడా చెల్లుతాయి గానీ విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో చెల్లవు.

రంగులు

సి0 నుంచి సి7 దాకా ఎనిమిది రంగులు ఇవ్వచ్చు. ఎన్నిటిని వాడాలో ఎన్ చెబుతుంది, అది 2 నుంచి 8 దాకా. ఏమీ చెప్పకపోతే 2. అందరూ ఒకసారైనా పడే గుంట ఇక్కడుంది: మూడు రంగులు రాసి ఎన్=3 రాయడం మరచిపోతారు. ఎర్రర్ ఏమీ రాదు, మూడో రంగు కనిపించదు, అంతే.

రంగును ఆరు అంకెల కోడ్‌గా గానీ, నేవీ, ఆరెంజ్ లాంటి పేరుతో గానీ రాయచ్చు.

ఎఫ్ఎఫ్‌ప్లే -ఎఫ్ లావ్‌ఫి "గ్రేడియంట్స్=ఎస్=హెచ్‌డి720:ఎన్=3:సి0=#102040:సి1=#204060:సి2=#503060"

ఎంపికలో ఒక మెళకువ ఉంది. చిన్నప్పటి డ్రాయింగ్ పెట్టెలో నీలం, పసుపు కలిపితే ఆకుపచ్చ వచ్చేది. ఇక్కడ రాదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువల్ని వేర్వేరుగా తీసుకుని వాటి మధ్య సరాసరి కట్టడమే ఈ ఫిల్టర్ చేసే పని. నీలం అంటే 0, 0, 255. పసుపు అంటే 255, 255, 0. సరిగ్గా మధ్యలో పడేది దాదాపు 127, 127, 127, అంటే ఉత్త బూడిద. ఎరుపు ఆకుపచ్చల మధ్యలోనూ ఇంతే, మసిబారిన పట్టీ ఒకటి వస్తుంది. నప్పని రంగులు రెంటిని కలపాలనుకుంటే మధ్యలో వంతెనలా మూడో రంగు మీరే ఇవ్వండి: నీలం, గులాబీ, పసుపు అన్నట్టు. లేదా ఒకే కుటుంబంలోని రంగుల్ని తీసుకోండి. పైన అక్షరాలు పడే నేపథ్యానికి ఇదే మేలు, అక్షరం తేలిగ్గా చదవొస్తుంది.

రెండు బిందువులు

మొదటి రంగు ఎక్కడ మొదలవ్వాలో ఎక్స్0, వై0 చెబుతాయి. చివరి రంగు ఎక్కడ ముగియాలో ఎక్స్1, వై1 చెబుతాయి. కొలత పిక్సెళ్ళలో, మూల పై ఎడమ మూల. ఈ రెంటినీ కలిపే గీతకు మొదటి కొస వెనక ఉన్నదంతా మొదటి రంగుతో, చివరి కొస దాటాక ఉన్నదంతా చివరి రంగుతో నిండిపోతుంది.

1920 వెడల్పు ఫ్రేమ్‌లో కుడి అంచు అని ఎక్స్1=1920 రాస్తే తప్పు. పిక్సెళ్ళు 0 నుంచి 1919 దాకానే ఉంటాయి. 1920 అంటే ఫ్రేమ్ బయట. బయటి విలువ ఇస్తే ఫిల్టర్ ఎర్రర్ చూపించదు, దాన్ని పక్కనపెట్టి తనకు తోచిన బిందువు వేసుకుంటుంది. ‘నిన్న బాగానే వచ్చింది, ఇవాళ గీత వంకరగా ఉంది’ అనిపిస్తే ముందు చూడాల్సింది ఇదే. 1919, 1079 అని రాయండి.

కదిలే నేపథ్యానికి మూల నుంచి మూలకు గీయడమే మంచిది: 0,0 నుంచి 1919,1079. గీత ఫ్రేమ్ మధ్య బిందువు చుట్టూ తిరుగుతుంది. కర్ణం పొడవు దాదాపు 2200 పిక్సెళ్ళు కాబట్టి ఏ కోణంలో ఉన్నా తెర మొత్తాన్ని కప్పుతుంది. అడ్డంగా ఎడమ అంచు నుంచి కుడి అంచుకు గీస్తే ఏటవాలుగా తిరిగినప్పుడు మూలల్లో చదును రంగు పేరుకుంటుంది. నిలువుకు వచ్చేసరికి 1920 పొడవులో 1080 మాత్రమే తెరలో పడుతుంది. అంటే చివరి రంగులు రెండూ తెర దాటిపోయి మధ్య రంగే మిగులుతుంది.

రకాలు

టైప్ చెప్పకపోతే లీనియర్, అంటే సూటి గీత. రేడియల్ అయితే మొదటి బిందువు చుట్టూ వలయాలు, రెండో బిందువు దాకా ఉన్న దూరమే వ్యాసార్ధం. సర్క్యులర్ అయితే గడియారం ముల్లు తిరిగినట్టు మొదటి బిందువు చుట్టూ రంగులు పరుచుకుంటాయి. స్పైరల్, స్క్వేర్ కూడా ఉన్నాయి గానీ నేపథ్యానికి వాటి అవసరం అరుదు.

సర్క్యులర్‌లో కొన్ని బిల్డ్‌లు చివరి రంగును మొదటి రంగుతో కలపవు. చక్రంలో ఒకచోట కత్తితో కోసినట్టు అతుకు కనిపిస్తుంది. కనిపిస్తే మొదటి రంగునే చివర్లో మళ్ళీ ఇచ్చి ఎన్ ఒకటి పెంచండి. కనిపించకపోతే ఏమీ చెయ్యకండి, అనవసరంగా ఇస్తే ఆ రంగు వెడల్పాటి చదును ముక్కగా కూర్చుంటుంది.

ఇంకో చిక్కు. రేడియల్, సర్క్యులర్ రకాల్లో మొదటి బిందువును ఫ్రేమ్ నట్టనడుమ పెడితే బొమ్మ కదలదు. ఫిల్టర్ తిప్పేది బిందువుల్ని. నడుమ ఉన్న బిందువును నడుమ చుట్టూ తిప్పితే అది అక్కడే ఉంటుంది. స్పీడ్ ఎంత పెంచినా అంతే. కొంచెం పక్కకు జరిపితే వలయాలు ఊగుతూ తిరుగుతాయి. చక్రమే తిరగాలంటే పెద్ద చదరంగా పుట్టించి, రొటేట్ ఫిల్టర్‌తో తిప్పి, మధ్య భాగం కత్తిరించుకోవాలి:

ఎఫ్ఎఫ్‌ప్లే -ఎఫ్ లావ్‌ఫి "గ్రేడియంట్స్=ఎస్=2204ఎక్స్2204:టైప్=సర్క్యులర్:ఎక్స్0=1102:వై0=1102,రొటేట్=2*పిఐ*టి/20,క్రాప్=1920:1080"

2204 ఎందుకంటే 1920, 1080 ఫ్రేమ్ కర్ణం 2203. ఆ మాత్రం చదరం లేకపోతే తిరిగేటప్పుడు మూలల్లో నల్లటి ముక్కలు కనిపిస్తాయి. ఇందులో పిఐ ఒక్కటే పెద్ద అక్షరాల్లో రాయాలి.

వేగం, అతుకు తెలియని లూప్

స్పీడ్ అంకె సెకనుకు ఇన్ని చుట్లని కాదు. ఒక్కో ఫ్రేమ్‌కు ఎన్ని రేడియన్లు తిరగాలో అది చెబుతుంది. పూర్తి చుట్టు 6.283185 రేడియన్లు. మామూలుగా ఉండే 0.01 దగ్గర చుట్టుకు దాదాపు 628 ఫ్రేములు పడతాయి. సెకనుకు 25 ఫ్రేములైతే 25 సెకన్లు, 60 అయితే పదిన్నర సెకన్లు. ఫ్రేమ్ రేట్ పెంచగానే నేపథ్యం గిర్రున తిరగడం మొదలైందంటే కారణం ఇదే.

దీన్ని తిరగేస్తే లూప్ లెక్క దొరుకుతుంది. 20 సెకన్ల లూప్, సెకనుకు 25 ఫ్రేములు అనుకుంటే మొత్తం 500. 6.283185ను 500తో భాగిస్తే 0.012566. అదే స్పీడ్. చివరి ఫ్రేమ్ తర్వాత రావాల్సింది సరిగ్గా మొదటి ఫ్రేమే అవుతుంది. 30 ఫ్రేముల రేట్‌లో 20 సెకన్లకైతే 600తో భాగించి 0.010472. అక్షరాల వెనక వాడేటప్పుడు చుట్టుకు 15 సెకన్ల కంటే తగ్గించకపోవడం మంచిది. కదులుతోందని తెలియాలి గానీ కన్ను అటు పోకూడదు.

అసలు కదలకూడదంటే స్పీడ్=0.00001 ఇవ్వండి. సున్నాను కొన్ని వెర్షన్లు ఒప్పుకోవు. ఎదురు దిశలో తిరగాలంటే వెనక హెచ్‌ఫ్లిప్ ఫిల్టర్ చేర్చండి, అద్దంలో చూసినట్టు మారి దిశ తిరగబడుతుంది.

బిందువులు కాక రంగులే మారాలంటే హ్యూ ఫిల్టర్ ఉంది: హ్యూ=హెచ్=2*పిఐ*టి/20. ఇక్కడ సమానం గుర్తుకు ముందున్న హెచ్, పిఐ పెద్ద అక్షరాలు. ఇరవై సెకన్లలో రంగుల చక్రమంతా తిరిగి మొదటికి వస్తుంది.

ఫైల్‌గా రాయడం

ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ -ఎఫ్ లావ్‌ఫి -ఐ "గ్రేడియంట్స్=ఎస్=హెచ్‌డి1080:ఆర్=25:డి=20:ఎన్=3:సి0=#102040:సి1=#204060:సి2=#503060:ఎక్స్0=0:వై0=0:ఎక్స్1=1919:వై1=1079:స్పీడ్=0.012566" -విఎఫ్ "స్కేల్=అవుట్_కలర్_మ్యాట్రిక్స్=బిటి709,ఫార్మాట్=వైయువి420పి,నాయిస్=సి0ఎస్=4:సి0ఎఫ్=టి" -సి:వి లిబ్‌ఎక్స్264 -సిఆర్ఎఫ్ 17 -ఎక్స్264-పారామ్స్ ఏక్యూ-మోడ్=3 -కలర్‌స్పేస్ బిటి709 -కలర్_ప్రైమరీస్ బిటి709 -కలర్_టిఆర్‌సి బిటి709 నేపథ్యం.ఎంపి4

పొడుగ్గా ఉంది గానీ ఇందులో ఏదీ అలంకారానికి పెట్టింది కాదు. ఒక్కోటి తీసేస్తే ఏమవుతుందో చూద్దాం.

ఎస్ అంటే సైజు, ఆర్ అంటే సెకనుకు ఫ్రేములు, డి అంటే సెకన్లలో నిడివి. డి తీసేస్తే ఫిల్టర్ ఆగదు. డిస్క్ నిండేదాకా రాస్తూనే ఉంటుంది. అలా జరిగితే క్యూ నొక్కండి, అప్పటిదాకా రాసింది సరిగ్గా మూసుకుంటుంది. కిటికీనే మూసేస్తే ఎంపి4 తెరుచుకోదు.

ఫార్మాట్=వైయువి420పి తీసేస్తే వీడియో మీ కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా ఆడుతుంది, వాట్సాప్‌లో పంపిన బంధువు దగ్గర నల్ల తెరో, ‘ఈ ఫైల్ చెల్లదు’ అనో వస్తుంది. గ్రేడియంట్స్ ఇచ్చేది ఆర్‌జిబి. ఏమీ చెప్పకపోతే ఎన్‌కోడర్ (వీడియోను కుదించి రాసే భాగం) దానికి దగ్గరగా ఉండే, ప్రతి పిక్సెల్‌కూ రంగు దాచే 4:4:4 రూపం ఎంచుకుంటుంది. ఫోన్లు, టీవీలు, చాలా బ్రౌజర్లు అర్థం చేసుకునేది నాలుగు పిక్సెళ్ళకు ఒకే రంగు దాచే 4:2:0 రూపాన్నే. దీనికి వెడల్పు, ఎత్తు రెండూ సరి సంఖ్యలు కావాలన్నది ఇంకో షరతు.

స్కేల్, కలర్‌స్పేస్ ముక్కలు తీసేస్తే రంగులు కొద్దిగా మారతాయి. ఆర్‌జిబి నుంచి మార్చేటప్పుడు పాత ఎస్‌డి టీవీల బిటి601 సూత్రం వాడబడుతుంది. ప్లేయరేమో హెచ్‌డి సైజు చూసి బిటి709 అనుకుంటుంది. లోగో రంగుతో నేపథ్యం సరిపోలాల్సిన పనిలో ఈ తేడా ఇట్టే దొరికిపోతుంది. మార్చడం, ముద్ర వెయ్యడం రెండూ చెయ్యాలి. ఒకటి చేసి ఒకటి వదిలితే తిప్పలు తప్పవు.

చారలు

గ్రేడియంట్ వీడియో మీద తరచూ వచ్చే ఫిర్యాదు ఇదే. నున్నగా కరగాల్సిన రంగు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది.

కారణం లెక్కలోనే ఉంది. 8 బిట్ వీడియోలో వెలుగుకు 16 నుంచి 235 దాకా 220 మెట్లే ఉన్నాయి. #102040 నుంచి #204060 దాకా వెళ్ళే ముదురు నీలంలో వాటిలో దాదాపు 25 మాత్రమే వాడుకలోకి వస్తాయి. 1920 పిక్సెళ్ళ మీద 25 మెట్లంటే ఒక్కో మెట్టు 77 పిక్సెళ్ళ వెడల్పు. అంత వెడల్పాటి చదును పట్టీ, పక్కన ఇంకో పట్టీ ఉంటే కన్ను అంచును వెంటనే పట్టేస్తుంది. దీనికి తోడు ఎన్‌కోడర్‌కు చీకటి, నున్నటి భాగాలంటే చులకన. అక్కడ బిట్లు పొదుపు చేసి మెట్లను ఇంకా వెడల్పు చేస్తుంది.

మొదటి మందు సన్నటి గింజ. పై కమాండ్‌లోని నాయిస్ ఆ పనే చేస్తుంది: సి0ఎస్=4 అంటే వెలుగు భాగంలో మాత్రమే 4 బలంతో, టి అంటే ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ మారుతూ. మెట్టు అంచు చెదిరిపోయి కన్ను దాన్ని గీతగా చదవలేకపోతుంది. 3 నుంచి 6 మధ్య సరిపోతుంది. 10 దాటితే పాత టీవీలో సిగ్నల్ పోయినట్టుంటుంది. వరస ముఖ్యం. నాయిస్‌ను ఫార్మాట్ తర్వాతే పెట్టండి, అప్పుడే సి0 అంటే వెలుగు అవుతుంది.

ఆ గింజను ఎన్‌కోడర్ తుడిచేయకుండా కాపాడాలి. సిఆర్ఎఫ్ అంటే నాణ్యత అంకె, అది తగ్గితే నాణ్యత పెరుగుతుంది. దాని మామూలు విలువ 23. అక్కడ గింజ కొట్టుకుపోయి చారలు తిరిగొస్తాయి. 16 నుంచి 18 మధ్య ఉంచండి. ఏక్యూ-మోడ్=3 చీకటి భాగాలకు ఎక్కువ బిట్లు ఇస్తుంది. ఇంకా పోతుంటే -ట్యూన్ గ్రెయిన్ చేర్చండి, ఫైల్ సైజు మాత్రం బాగా పెరుగుతుంది. యూట్యూబ్ ఎలాగూ మళ్ళీ ఎన్‌కోడ్ చేస్తుంది కాబట్టి అక్కడికి ఎక్కించే ఫైల్‌లో బిట్లకు పిసినారితనం వద్దు.

చారలు తీసే గ్రాడ్‌ఫన్ అనే ఫిల్టర్ కూడా ఉంది. దాన్ని ఎన్‌కోడ్‌కు ముందు పెట్టమని సలహాలు కనిపిస్తాయి, నమ్మకండి. అది ప్లే చేసేటప్పుడు వాడటానికి తయారైంది. కుదింపులో దాని పనితనం చెరిగిపోయి చారలు మళ్ళీ వస్తాయని ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది.

రెండో మందు 10 బిట్. మెట్లు నాలుగింతలవుతాయి, పై ఉదాహరణలో 77 పిక్సెళ్ళ మెట్టు 20 లోపుకు దిగుతుంది. గ్రేడియంట్స్‌ను కూడా 16 బిట్లలో పుట్టించాలి, లేకపోతే 8 బిట్ మెట్లనే 10 బిట్ పెట్టెలో పెట్టినట్టు. ఫిల్టర్ల వరస ఇలా: ఫార్మాట్=ఆర్‌జిబిఏ64ఎల్ఈ, తర్వాత స్కేల్, తర్వాత ఫార్మాట్=వైయువి420పి10ఎల్ఈ. ఎన్‌కోడర్‌గా లిబ్‌ఎక్స్265 వాడండి. 10 బిట్ హెచ్.264ను ఫోన్లలోని హార్డ్‌వేర్ సాధారణంగా ఆడించదు, లిబ్‌ఎక్స్265 తయారుచేసే 10 బిట్ హెచ్ఈవీసీని చాలా ఫోన్లు ఆడిస్తాయి. ఆపిల్ పరికరాల కోసం -ట్యాగ్:వి హెచ్‌విసి1 చేర్చాలి. నాయిస్ ఫిల్టర్ 8 బిట్ లెక్కల మీద నడిచేది కాబట్టి ఈ వరసలో దాన్ని తీసేయండి.

ఫలితం కంటితో తేల్చుకోలేకపోతే వెలుగు మూడింతలు చేసి చూడండి:

ఎఫ్ఎఫ్‌ప్లే -విఎఫ్ "ఎల్‌యుటివైయువి=వై=వాల్*3" నేపథ్యం.ఎంపి4

దాక్కున్న చారలన్నీ బయటపడతాయి. ముదురు రంగులకే ఈ పరీక్ష, లేత రంగులైతే తెల్లగా మాడిపోతుంది.

4కే ఫైల్ నెమ్మదిగా తయారవుతుంటే 960, 540 సైజులో 16 బిట్లతో పుట్టించి స్కేల్‌తో నాలుగింతలు పెంచండి. గ్రేడియంట్‌లో పోవడానికి సన్నటి వివరమేదీ లేదు కాబట్టి తేడా కనిపించదు. 8 బిట్లలో పుట్టించి పెంచితే మాత్రం మెట్ల వెడల్పు కూడా నాలుగింతలవుతుంది.

పాట, తెలుగు అక్షరాలు

20 సెకన్ల లూప్‌ను పాట నిడివికి సాగదీయడానికి మళ్ళీ ఎన్‌కోడ్ అక్కర్లేదు:

ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ -స్ట్రీమ్_లూప్ -1 -ఐ నేపథ్యం.ఎంపి4 -ఐ పాట.ఎంపి3 -మ్యాప్ 0:వి -మ్యాప్ 1:ఏ -సి:వి కాపీ -సి:ఏ ఏఏసి -షార్టెస్ట్ ఫలితం.ఎంపి4

స్ట్రీమ్_లూప్ తప్పకుండా మొదటి ఐ ముందే రావాలి. వెనక రాస్తే పాట తిరుగుతుంది, బొమ్మ తిరగదు.

పైన తెలుగు అక్షరాలు వెయ్యాలంటే డ్రాటెక్స్ట్ అనే ఫిల్టర్ ముందు గుర్తొస్తుంది. హార్ఫ్‌బజ్ లైబ్రరీ (అక్షరాల్ని వత్తులతో సరిగ్గా కూర్చేది) లేకుండా కట్టిన పాత బిల్డ్‌లలో అది తెలుగును పాడుచేస్తుంది. వత్తులు విడిపోతాయి, ‘స్త్రీ’ అన్న మాట ముక్కలై పొల్లులతో పరుచుకుంటుంది. అదీగాక చరణం చరణానికీ సమయాలు రాయడం నరకం. సబ్‌టైటిల్స్ ఫిల్టర్ వాడండి. చరణాలను యూటీఎఫ్-8లో ఎస్ఆర్‌టి ఫైల్‌గా (ప్రతి వరుసకూ సమయం రాసే మామూలు టెక్స్ట్ ఫైల్) దాచి, ఫోర్స్_స్టైల్ అనే ఆప్షన్‌లో ఫాంట్ పేరుగా మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ ఇవ్వండి. ఆ ఫాంట్ కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ అయి ఉండాలి. లేకపోతే ఇంకో ఫాంట్‌కు మారిపోతుంది, లేదా డబ్బాలు కనిపిస్తాయి. అక్షరాలు వేశాక వీడియో కాపీ కుదరదు, మళ్ళీ ఎన్‌కోడ్ చెయ్యాల్సిందే. అలాంటప్పుడు నేపథ్యాన్ని ముందుగా ఎంపి4 చేసి దాన్ని రెండోసారి కుదించకండి. గ్రేడియంట్స్‌నే నేరుగా ఇన్‌పుట్‌గా ఇచ్చి, డిలో పాట నిడివి రాసి, విఎఫ్ వరసలో నాయిస్ తర్వాత సబ్‌టైటిల్స్ పెట్టండి. గింజ నేపథ్యం మీదే ఉండి అక్షరాలు శుభ్రంగా వస్తాయి.

విండోస్‌లో సబ్‌టైటిల్స్ ఫైల్ దారిలో డ్రైవ్ పేరు పక్కన కోలన్ వస్తే ఫిల్టర్ దాన్ని కొత్త ఆప్షన్ అనుకుని మొరాయిస్తుంది. ఎస్ఆర్‌టి ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్ళి, ఉత్త ఫైలు పేరుతో కమాండ్ నడపండి.

ఫోన్ నిలువు వీడియోకు సైజు 1080ఎక్స్1920, బిందువులు 0,0 నుంచి 1079,1919. మిగతా కమాండ్ అంతా అదే.